తెలుగు మీడియం నుంచి ఎం.ఏ. ఇంగ్లిష్‌కి: తరచుగా అడిగే ప్రశ్నలు

పదో తరగతి దాకా నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియంలో చదివాను. ఇప్పుడు డిగ్రీ పిల్లలకి ఇంగ్లిష్ లిటరేచర్ చెప్తున్నాను. అడ్మిషన్లు మొదలయ్యాయంటే చాలు, స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర ఎవరో ఒకరు నిలబడి "సార్, ఒక్క డౌట్" అంటారు. ఏళ్లు గడుస్తున్నా ఆ డౌట్లు మారలేదు. అవే ఇక్కడ రాస్తున్నాను.

తెలుగు మీడియం వాళ్లం. ఇంగ్లిష్ లిటరేచర్ మావల్ల అవుతుందా?

అవుతుంది. అడ్డం పడేది తెలుగు కాదు, గైడు. నా మొదటి ఇంటర్నల్ పరీక్షలో ఒక నాటకం మీద ఆరు పేజీలు రాశాను. గైడులో ఉన్నది కామా కూడా వదలకుండా దించాను. మాకు చెప్పిన సారు పేపర్ మీద ఎర్ర ఇంకుతో ఒకే ప్రశ్న రాసి ఇచ్చారు: ఇది ఎవరి అభిప్రాయం? మార్కులు ఎన్ని వచ్చాయో ఇక్కడ అనవసరం. నా అభిప్రాయం ఏమిటని అప్పటిదాకా నన్ను ఎవరూ అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు. ఆ అలవాటు ఇంగ్లిష్ మీడియం పిల్లలకీ అంతే ఉంటుంది. వాళ్లు దాన్ని కాస్త మంచి యాసలో అప్పజెప్తారు, అంతే తేడా.

పైగా హైస్కూల్లో తెలుగు మాస్టారు దగ్గర మీరు నేర్చుకున్న సరుకు చాలానే ఉంది. ప్రతిపదార్థం, తాత్పర్యం, సందర్భ సహిత వ్యాఖ్య, అలంకారం, ఛందస్సు. ఇవన్నీ లిటరేచర్ క్లాసులో వేరే పేర్లతో మళ్లీ ఎదురవుతాయి. అనోటేషన్ అంటే భయపడే పిల్లలకి "ఇది మన సందర్భ సహిత వ్యాఖ్యే" అని చెప్తే సగం టెన్షన్ పోతుంది.

క్లాసులో చెప్పే మాటలు తెలిసినవే. కానీ అర్థం కుదరడం లేదు, ఎందుకు?

తెలియని మాటలకన్నా తెలిసిన మాటలే ఎక్కువ ముంచుతాయి. మన ఊళ్లో ప్లాట్ అంటే రెండు వందల గజాల స్థలం. నవల్లో ప్లాట్ అంటే ఏ సంఘటన దేనివల్ల జరిగిందో చూపించే అల్లిక. "వాడి క్యారెక్టర్ మంచిది కాదు" అంటే మన దగ్గర నడవడిక గురించి. లిటరేచర్‌లో క్యారెక్టర్ అంటే పాత్ర, మంచిదైనా చెడ్డదైనా. ఆర్గ్యుమెంట్ అనగానే మనకి బస్టాండులో చిల్లర కోసం పడే గొడవ గుర్తొస్తుంది. వ్యాసంలో ఆర్గ్యుమెంట్ అంటే ఆధారాలతో నిలబెట్టే వాదన. క్రిటికల్ అంటే ఐసీయూ బయట డాక్టర్ చెప్పే మాట. "క్రిటికల్ ఎస్సే రాయండి" అంటే మాత్రం పరిశీలించి, తూచి, తేల్చి చెప్పమని. క్రిటిసిజం కూడా తిట్టడం కాదు, మనం విమర్శ అనే శాస్త్రం. నావెల్ అనే మాట విశేషణంగా వస్తే కొత్తది అని అర్థం. "నావెల్ ఐడియా" అని ఎక్కడో చదివి, నవలకి సంబంధించిన ఆలోచన అని రాసిన విద్యార్థి నాకు ఒకసారి తగిలాడు.

ఒక నోట్‌బుక్‌లో చివరి పది పేజీలు వీటికోసం వదలండి. ఎడమ వైపు మన వాడుక, కుడి వైపు క్లాసు వాడుక. ఒక సెమిస్టర్‌లో ముప్ఫై, నలభై మాటలు పోగవుతాయి. వాటితో చాలా పని జరుగుతుంది.

రోజుకి ఎన్ని మాటలు నేర్చుకోవాలి?

యాభై అని పెట్టుకున్నవాళ్లని చాలామందిని చూశాను. నాలుగో రోజుకి ఆ పుస్తకం అటకెక్కుతుంది. ఎనిమిదో పదో చాలు, ఆదివారం సెలవు.

ఎన్ని అన్నదానికన్నా ఏవి అన్నది ముఖ్యం. ఢాకాలో ఉపాధ్యాయులకి శిక్షణ ఇచ్చిన మైఖేల్ వెస్ట్ 1953లో సుమారు 2000 ఇంగ్లిష్ మాటల జాబితా అచ్చువేశారు. అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చే మాటలవి. వాటిని వదిలేసి, న్యూజిలాండ్‌కి చెందిన ఆవరిల్ కాక్స్‌హెడ్ 2000 సంవత్సరంలో 570 పద కుటుంబాలతో అకడమిక్ వర్డ్ లిస్ట్ తయారుచేశారు. చదువుల పుస్తకాల్లో పది మాటలకి దాదాపు ఒకటి ఈ జాబితాలోదే. కుటుంబం అంటే అనలైజ్, అనాలిసిస్, అనలిటికల్, అనలిస్ట్ లాంటివన్నీ కలిపి ఒక ఇల్లు. మొదటి జాబితాలో తెలియనివి ఏవైనా ఉంటే ముందు అవి, తర్వాత రెండోది. "ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్" లాంటివి ఫోన్లో స్టేటస్ పెట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరావు.

మాటలని విడదీసి చూడటం కూడా మనకి కొత్త కాదు. ఆహారం, విహారం, సంహారం, ప్రహారం అన్నీ ఒకే ధాతువుకి ఉపసర్గలు చేరి వచ్చాయని చిన్నప్పుడే విన్నాం. ఇంగ్లిష్‌లోనూ అంతే. ఇన్‌స్పెక్ట్, రెస్పెక్ట్, సస్పెక్ట్, ప్రాస్పెక్ట్ వీటన్నిటి లోపల చూడటం అనే లాటిన్ ధాతువు ఉంది. లోపలికి చూస్తే ఇన్‌స్పెక్ట్, ముందుకి చూస్తే ప్రాస్పెక్ట్. ఇలాంటి ధాతువులు ఒక ముప్ఫై పట్టుకుంటే కొత్త మాట ఎదురైనప్పుడు కనీసం ఏ ఊరి మనిషో పోల్చుకోవచ్చు.

నేర్చుకున్న మాట రాసేటప్పుడు తప్పుగా పడుతోంది.

అర్థం ఒక్కటే నేర్చుకుని, ఆ మాటకి ఎవరితో స్నేహమో నేర్చుకోకపోవడం వల్ల. తెలుగులో వాన కురుస్తుంది, ఎండ కాస్తుంది, మంచు పడుతుంది. ఎండ కురుస్తోంది అని ఎవరైనా అంటే వెంటనే వాళ్ల ముఖం చూస్తాం. మనం సిగరెట్‌ని కూడా తాగుతాం, ఇంగ్లిష్ వాళ్లు తాగరు. అందుకే కంక్లూజన్ అని ఒంటరిగా రాసుకోకండి, "డ్రా ఎ కంక్లూజన్" అని రాసుకోండి. "రెయిజ్ ఎ క్వశ్చన్", "మేక్ ఎ డిస్టింక్షన్" కూడా అలాగే జంటగానే.

లెక్కపెట్టడం దగ్గర ఇంకో గొయ్యి ఉంది. మనకి పాలు, నీళ్లు, వడ్లు బహువచనాలు. పాలు విరిగాయి అంటాం. ఇంగ్లిష్‌కి మిల్క్ ఏకవచనం. అలాగే రీసెర్చ్, ఎవిడెన్స్, ఇన్ఫర్మేషన్, అడ్వైస్ వీటికి చివర ఎస్ తగలదు. ఎం.ఫిల్ డిసర్టేషన్లలో కూడా "ఎవిడెన్సెస్" అని చూశాను.

ఎంత చదివినా వారానికల్లా మర్చిపోతున్నాను.

అందరూ మర్చిపోతారు. జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ తన జ్ఞాపకశక్తి మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లోనే చెప్పాడు, నేర్చుకున్నది మొదటి రోజుల్లోనే వేగంగా జారిపోతుందని. మందు ఏమిటంటే విరామం ఇచ్చి మళ్లీ చూడటం. ఇవాళ, రేపు, నాలుగో రోజు, పదో రోజు, నెల తర్వాత. యాంకీ అనే యాప్ (ఐఫోన్‌లో తప్ప ఉచితమే) ఈ లెక్క చూసుకుంటుంది. ఫోన్ తీస్తే రీల్స్‌లోకి వెళ్లిపోయే రకమైతే అట్ట ముక్కలు కత్తిరించుకోండి, శుభలేఖల వెనకవైపు బాగా పనికొస్తుంది. ముందు మాట చూసి అర్థం మీరే చెప్పాలి, ఆ తర్వాతే తిప్పి చూడాలి. చూస్తూ చదువుకుంటూ పోతే తెలిసినట్టే ఉంటుంది, పరీక్ష హాల్లో తెలియదు.

ఏ డిక్షనరీ వాడాలి? తెలుగు-ఇంగ్లిషా, ఇంగ్లిష్-ఇంగ్లిషా?

రెండూ, వేరువేరు పనులకి. ఇంగ్లిష్-ఇంగ్లిష్‌లో కూడా నేర్చుకునేవాళ్ల కోసం రాసిన లర్నర్స్ డిక్షనరీయే తీసుకోండి. 1978లో వచ్చిన లాంగ్‌మన్ డిక్షనరీ అర్థాలన్నీ సుమారు 2000 తేలిక మాటల్లోనే చెప్పింది. ఆ పద్ధతిలో ఉన్నవి ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. అర్థంతో పాటు ఉదాహరణ వాక్యం, ఉచ్చారణ, ఆ నామవాచకాన్ని లెక్కపెట్టొచ్చా లేదా అన్నదీ ఉంటాయి. పైన చెప్పిన "ఎవిడెన్సెస్" రోగానికి మందు ఉండేది అక్కడే.

ఆలోచన తెలుగులో వచ్చి ఇంగ్లిష్ మాట దొరకనప్పుడు మాత్రం తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు కావాలి. సి.పి. బ్రౌన్ 1852లో వేసిన నిఘంటువు ఇప్పటికీ పనిచేస్తుంది. ఆంధ్రభారతి సైట్‌లో వెతకొచ్చు. అయితే ఆయన ఇంగ్లిష్ నూట డెబ్బై ఏళ్ల నాటిది. అక్కడ దొరికిన మాటని లర్నర్స్ డిక్షనరీలో ఒకసారి సరిచూసుకున్నాకే వ్యాసంలో పెట్టండి. లేకపోతే మీ వ్యాసం కలెక్టర్ దొర రిపోర్టులా ఉంటుంది.

నవల తెరిస్తే పేజీకి ఇరవై మాటలు తెలియడం లేదు. అన్నీ చూసుకోవాలా?

అక్కర్లేదు. ఆ పుస్తకం ఇప్పటికి మీది కాదు, అంతే. పదజాలం మీద పనిచేసిన పాల్ నేషన్ లెక్క ప్రకారం, ఎవరి సాయం లేకుండా హాయిగా చదవాలంటే వందలో 98 మాటలు తెలిసి ఉండాలి. మామూలు నవలకి ఆ స్థాయి రావాలంటే ఎనిమిది, తొమ్మిది వేల పద కుటుంబాలు కావాలి. అవి ఒక్క వేసవి సెలవుల్లో రావు.

సిలబస్‌లో ఉన్న పెద్ద నవలతో కుస్తీ పడుతూనే పక్కన తేలికైనది ఒకటి సరదాగా చదవండి. నా వరకు ఆర్.కె. నారాయణ్ ఆదుకున్నారు. మాల్గుడిలో వీధి అరుగులు, అప్పులవాళ్లు, పరీక్షల భయం అన్నీ మనవే కాబట్టి మాట తెలియకపోయినా సంగతి తెలుస్తుంది. ఆఫ్రికా రచయిత చినువా అచెబె 1958 నాటి తొలి నవల కూడా మన పిల్లలకి త్వరగా ఎక్కుతుంది. చిన్న వాక్యాలు, అడుగడుగునా సామెతలు, ఊరి పెద్దల పంచాయితీ.

సిలబస్ నవలకైతే రెండు సార్లు చదవడం తప్పదు. మొదటిసారి పెన్సిల్ కూడా పట్టుకోవద్దు, ఎవరు, ఎక్కడ, ఏం జరిగింది అన్నంత వరకే. పేజీలో మూడుసార్లు అడ్డం వచ్చిన మాట ఒక్కటే చూసుకోండి. రెండోసారికి పెన్సిల్, డిక్షనరీ, ఓపిక. పాత పుస్తకాలు కొనక్కర్లేదు. 1971లో మొదలైన ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ సైట్‌లో కాపీరైట్ తీరిన పుస్తకాలు చాలా ఉచితంగా దొరుకుతాయి.

తెలుగు అనువాదమో, సినిమానో చూసి రాసేయొచ్చా?

చదవబోయే ముందు చూస్తే మంచిదే, భయం తగ్గుతుంది. రాయడానికి మాత్రం సరిపోదు. అడిగేది కథ కాదు, ఆ కథని ఏ మాటల్లో చెప్పారన్నది. సినిమాలో చివర మార్చేస్తారు కూడా. ఆ మార్చిన ముగింపు రాసి దొరికిపోయినవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు.

అయాంబిక్ పెంటామీటర్ ఎన్నిసార్లు చదివినా ఎక్కడం లేదు.

గురులఘువులు గుర్తున్నాయా? "రమా" అంటే లఘువు, గురువు: వ గణం. "రామ" అంటే గురువు, లఘువు: హ గణం. అయాంబ్ మన వ గణానికి చుట్టం: టుడే, బిగిన్, అబవ్. ట్రోకీ హ గణానికి చుట్టం: టీచర్, గార్డెన్. పెంటామీటర్ అంటే అలాంటివి పాదానికి ఐదు, మొత్తం పది అక్షరాలు. ఉత్పలమాలలో పాదానికి ఇరవై అక్షరాలు, యతి పదో అక్షరం, భరనభభరవ అని గుక్క తిప్పుకోకుండా చెప్పినవాళ్లకి ఇది లెక్కే కాదు.

చుట్టమే కానీ ఒకటి కాదు. మన ఛందస్సు అక్షరం పలకడానికి పట్టే కాలాన్ని కొలుస్తుంది. ఇంగ్లిష్ ఛందస్సు ఊనికని, అంటే గొంతు ఎక్కడ నొక్కుతుందో దాన్ని కొలుస్తుంది. తెలుగులో అలా నొక్కి పలికే అలవాటు లేదు కాబట్టి కాగితం మీద చూస్తే తెలియదు. రికార్డింగ్ వింటూ బల్ల మీద దరువు వేయండి. ఇంకో తేడా కూడా ఉంది. మన పద్యంలో గణం తప్పితే దోషం. ఇంగ్లిష్ కవి కావాలనే తప్పుతాడు, తప్పినచోట ఏదో ఉందన్నమాట. పరీక్షలో రాయాల్సింది ఆ చోటు గురించే.

అలంకారాలకైతే కొత్తగా చెప్పేదేమీ లేదు. సిమిలీ ఉపమ, మెటఫర్ రూపకం, హైపర్బోలీ అతిశయోక్తి, పన్ శ్లేష. పేరు పెట్టి వదిలేయకండి. ఆ ఉపమ లేకపోతే ఆ పాదం ఏం కోల్పోయేదో ఒక వాక్యం రాయండి.

వ్యాసం ఎలా మొదలుపెట్టాలి?

"షేక్‌స్పియర్ 1564లో స్ట్రాట్‌ఫర్డ్‌లో జన్మించెను, ఆయన గొప్ప రచయిత" అని మాత్రం వద్దు. పేపర్ దిద్దేవాళ్లకి ఆ సంగతి ముందే తెలుసు. అరవై పేపర్లలో యాభై అలాగే మొదలవుతాయి. కవి పరిచయంతో మొదలుపెట్టడం మనకి హైస్కూల్ నుంచి వచ్చిన అలవాటు. దాన్ని అక్కడే వదిలేయాలి.

ప్రశ్నకి మీ జవాబు ఏమిటో ఒకటి రెండు వాక్యాల్లో ముందే చెప్పేయండి. దాన్నే థీసిస్ స్టేట్‌మెంట్ అంటారు. "ఈ నాటకంలో అధికారం ముఖ్యమైన అంశం" అన్నది థీసిస్ కాదు, దాన్ని ఎవరూ కాదనరు కాబట్టి. "ఈ నాటకంలో రాజుకన్నా విదూషకుడికే ఎక్కువ అధికారం ఉంది, ఎందుకంటే నిజం చెప్పినా శిక్ష పడనిది అతనొక్కడికే" అంటే థీసిస్. అవతలివాడు "అలా ఎలా అంటావ్?" అని అడగడానికి చోటుండాలి. తర్వాతి పేజీలన్నీ ఆ ప్రశ్నకి జవాబులే.

నా సలహా ఏమిటంటే, ఆ మొదటి వాక్యాన్ని తెలుగులో రాసుకోండి. ఇంట్లో అమ్మకి చెప్తున్నట్టు. తెలుగులో చెప్పలేకపోతే మీకింకా వాదన దొరకలేదని అర్థం, అప్పుడు ఎంత ఇంగ్లిష్ వచ్చినా లాభం లేదు. తెలుగులో కుదిరాక ఇంగ్లిష్‌లో మళ్లీ కొత్తగా రాయండి. మాటకి మాట మార్చుకుంటూ పోతే వాక్యం నడుం విరుగుతుంది, మన క్రియ చివర ఉంటుంది, వాళ్లది నడిమధ్యలో.

గ్రామర్‌లో ఎక్కువగా ఎక్కడ మార్కులు పోతాయి?

మూడు చోట్ల. మొదటిది ఆర్టికల్స్. "అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ఏడుగురు కొడుకులు." ఒక రాజు దగ్గర ఎ, ఆ రాజు దగ్గర ది. వినేవాళ్లకి కొత్త అయితే ఒక, తెలిసినదైతే ఆ. ఈ కథ అన్ని సందేహాలూ తీర్చదు కానీ సగం పైన తీరుస్తుంది.

రెండోది కాలం. కథ ఎప్పుడో జరిగినా లిటరేచర్ వ్యాసంలో వర్తమానమే వాడతారు. వింతగా అనిపిస్తుంది కానీ మనమూ అదే చేస్తాం. వేమన ఇలా అన్నాడు అనడం కన్నా వేమన ఇలా అంటాడు అనే కదా అలవాటు! ఆ "అంటాడు"నే ఇంగ్లిష్‌లో "సేస్". రచయిత పుట్టడం, పుస్తకం అచ్చవడం మాత్రం భూతకాలంలోనే.

మూడోది, మన "చేసి, చూసి, వెళ్లి". తెలుగులో "వాన కురిసి చెరువు నిండింది" అనొచ్చు, కురిసింది వాన, నిండింది చెరువు, ఎవరికీ ఇబ్బంది లేదు. ఇంగ్లిష్‌లో "రీడింగ్ ద పోయెమ్" అని మొదలుపెడితే ఆ తర్వాత వచ్చే కర్త ఆ పద్యం చదివినవాళ్లే అయ్యుండాలి. "రీడింగ్ ద పోయెమ్, ద ఇమేజ్ ఈజ్ బ్యూటిఫుల్" అంటే ఇమేజే కూర్చుని పద్యం చదివిందని.

విమర్శకుల మాటలు ఎంతవరకు వాడొచ్చు? మాటలు మార్చి రాస్తే సరిపోతుందా?

ఇక్కడ మన ప్రతిపదార్థం, తాత్పర్యం గుర్తు చేసుకోండి. ఒక్కో మాట తీసి దాని పర్యాయపదం పెడితే అది ప్రతిపదార్థం. చాలామంది పారాఫ్రేజ్ అనుకుని చేసేది అదే, దాన్ని కాపీ కిందే లెక్కేస్తారు. పారాఫ్రేజ్ అంటే తాత్పర్యం. పుస్తకం మూసి, అర్థమైనది మీ వాక్యాల్లో రాయడం. రాశాక కూడా అది ఎవరి ఆలోచనో చెప్పాల్సిందే.

తెలుగులో ఇందుకు ఒక్క అక్షరం ఉంది: ట. "వాళ్లబ్బాయి అమెరికా వెళ్తున్నాడట." నేను చూడలేదు, ఎవరో చెప్పారు అని ఆ "ట" చెప్పేస్తుంది. సైటేషన్ అంటే రాతలో పెట్టే "ట". ఆ "ట" పెట్టకుండా ఇంకొకరి మాట చెప్తే మన ఊళ్లోనూ నిలదీస్తారు కదా. ఎవరు చెప్పారు, ఏ పుస్తకం, ఏ పేజీ, అంతే. లిటరేచర్‌లో ఎక్కువగా ఎంఎల్ఏ (మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్) పద్ధతి వాడతారు. దాని తొమ్మిదో ఎడిషన్ 2021లో వచ్చింది. ఎమ్మెల్యేకీ దానికీ సంబంధం లేదు, ప్రతి ఏడూ క్లాసు ఒకసారి నవ్వుతుంది.

పీహెచ్‌డీకి వెళ్లేవాళ్లకి ఇది సరదా కాదు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం థీసిస్‌లో ఇతరుల రాతతో పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 వస్తే సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. 40 దాటితే ఏడాది పాటు మళ్లీ ఇవ్వనివ్వరు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. మీ టాపిక్ మీద ముందు ఎవరేం రాశారో శోధ్‌గంగ సైట్‌లో చూడండి, మన యూనివర్సిటీల థీసిస్‌లు చాలా అక్కడ ఉన్నాయి. వాటిని చూసి పద్ధతి నేర్చుకోండి, పేరాలు కాదు.

వ్యాసంలో "ఐ" అని రాయొచ్చా?

రాయొచ్చు, మీ టీచర్ వద్దనకపోతే. ఎక్కువమంది వద్దంటారు. అప్పుడు "ద పోయెమ్ సజెస్ట్స్" లాంటివి వాడండి. అన్నిటినీ "ప్రూవ్స్" అని తేల్చేయొద్దు. తెలుగులో కావచ్చు, అనిపిస్తుంది, ఉన్నట్టుంది అని ఎన్ని మెట్లున్నాయో ఇంగ్లిష్‌లోనూ అన్ని ఉన్నాయి: మే, సీమ్స్, అపియర్స్. అలాగని ప్రతి వాక్యానికీ పెడితే పెళ్లి చూపుల్లో మధ్యవర్తి మాటల్లా ఉంటుంది.

ఏఐతో రాయించుకుంటే?

గైడుకి కొత్త అట్ట వేసినట్టు. నేను అడిగే ప్రశ్న మళ్లీ అదే, ఇది ఎవరి అభిప్రాయం? పైగా లేని పుస్తకాల పేర్లు, లేని పేజీ నంబర్లు నమ్మకంగా చెప్పేస్తుంది. అయితే రాసిన పేరా ఇచ్చి "ఇందులో ఆర్టికల్స్ ఎక్కడ తప్పాయి, ఎందుకు?" అని అడిగితే మంచి ట్యూషన్ మాస్టారే. మీ కాలేజీ నియమాలు ముందు కనుక్కోండి.

నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) రాయాలంటే ఇదంతా అవసరమా?

నెట్‌లో వ్యాసాలు లేవు. మొదటి పేపర్‌లో 50, రెండో పేపర్‌లో 100 ప్రశ్నలు, ఒక్కోదానికి రెండు మార్కులు, మూడు గంటలు, నెగటివ్ మార్కింగ్ లేదు. బిట్లు బట్టీపట్టి గట్టెక్కినవాళ్లు ఉన్నారు. తర్వాత థీసిస్ రాయాల్సి వచ్చినప్పుడు వాళ్లే నా దగ్గరికి వస్తారు.

విదేశాలకి వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌కి ఇదే పనికొస్తుందా?

కొంతవరకు. అక్కడ గంటలో రెండు రాయాలి, ఒకటి కనీసం 150 మాటలు, ఇంకోటి 250. సాహిత్యం అడగరు. స్పష్టమైన అభిప్రాయం, పేరాకి ఒక విషయం అన్న రెండూ మాత్రం ఇక్కడిలాగే.

సెమినార్‌లో పేర్లు తప్పు పలికి నవ్వులపాలయ్యాను.

ఇంగ్లిష్ స్పెల్లింగ్‌ని నమ్మినవాళ్లందరికీ ఆ అనుభవం ఉంది. కీట్స్, యేట్స్ స్పెల్లింగ్‌లో మొదటి అక్షరం ఒక్కటే తేడా, పలకడంలో మాత్రం వేర్వేరు. జాన్ డన్ పేరు చూస్తే డాన్ అని పలకాలనిపిస్తుంది. నేను హైపర్బోలీని హైపర్‌బౌల్ అని రెండేళ్లు పలికాను, ఎవరూ దిద్దలేదు, పాపం వాళ్లకీ తెలియదు. సెమినార్ ముందు రోజు పేర్లన్నీ ఆన్‌లైన్ డిక్షనరీలో విని పేపర్ మీద తెలుగు లిపిలో రాసుకోండి. మన లిపి ఇందుకు మహా గొప్పగా పనికొస్తుంది. యాస మార్చుకోవాల్సిన పని లేదు.

ఎం.ఏ. ఇంగ్లిష్ అని తెలిసి ఊళ్లో అందరూ శుభలేఖలు, అర్జీలు రాసిమ్మంటున్నారు. ఎలా తప్పించుకోవాలి?

తప్పించుకోలేరు. పెళ్లికూతురు పేరు స్పెల్లింగ్ వాళ్లచేతే రాయించుకుని, ప్రెస్‌కి పంపేముందు ప్రూఫ్ మీద మేనమామ సంతకం తీసుకోండి.